అతిథి అంతర పంటే

అడవి అంచున మూడు నాలుగు ఎకరాలున్న ఇంట్లో పుట్టిన పిల్లలకు పెద్దవాళ్లు రెండే దారులు చూపిస్తారు. చదువుకుని ఖమ్మమో హైదరాబాదో వెళ్లిపోవడం ఒకటి. ఉన్న ఊళ్లోనే పత్తి, మిరప వేసి ఏటా షావుకారి బాకీ తీరుస్తూ ఉండటం రెండోది. ఈ మధ్య దుమ్ముగూడెం, చర్ల, ములకలపల్లి రోడ్ల వెంట మూడో దారి మాట కూడా వినిపిస్తోంది. "అడవి పక్కన అరెకరం ఉంటే చాలు, నాలుగు గుడిసెలేస్తే పట్నం వాళ్లు వాలిపోతారు" అంటారు. చెప్పేవాళ్ల ఫోన్‌లో నాసిక్ ద్రాక్షతోటల రీల్స్ కూడా ఉంటాయి.

ఆ మూడో దారిని నేను కొట్టిపారేయను. దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పడానికే ఈ అధ్యాయం. పత్తి సాళ్ల మధ్య కంది వేస్తాం. పత్తి దెబ్బతిన్న ఏడు కంది పరువు నిలబెడుతుంది. అలాగని పత్తి పీకేసి చేనంతా కంది చల్లుకోం, పత్తికి పోయాల్సిన నీళ్లు కందికి పోయం. ఇంటికొచ్చే అతిథి మనకు ఆ కంది లాంటివాడు. ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే మిగతా నిర్ణయాలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

ముందు తోట, తర్వాతే గేటు

నాసిక్ కథను సగమే చూస్తున్నాం కాబట్టి అది మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. సులా వైన్స్ పెట్టిన రాజీవ్ సామంత్ అమెరికాలో ఉద్యోగం మానేసి వచ్చి, గంగాపూర్ డ్యామ్ దగ్గర సొంత కుటుంబ భూమిలో 1990ల్లో ద్రాక్ష నాటాడు. మొదటి వైన్ 2000లో బయటికొచ్చింది. రుచి చూడటానికి జనాన్ని లోపలికి పిలిచే గది తెరిచింది 2005లో. అంటే పంట నిలబడి, సరుకు అమ్ముడై, పేరొచ్చాకే గేటు తెరిచారు. ఈ రోజుకీ ఆ కంపెనీకి ద్రాక్ష ఎక్కువగా వచ్చేది ఒప్పందం మీద పండించే చుట్టుపక్కల రైతుల నుంచే. సందర్శకుడి కంటికి కనపడేది లాన్, గ్లాసు, సూర్యాస్తమయం. వాటి వెనక కత్తిరింపులు, మందులు, కూలీలు, బ్యాంకు వాయిదాలు ఉన్నాయి.

ఆ తోట మన దగ్గర పెట్టలేం. వైన్ ద్రాక్షకి పొడి గాలి కావాలి, పండే వేళ చల్లటి రాత్రులు కావాలి. మన గోదావరి లోయలో ఉక్కపోత, వేసవిలో నలభై దాటే ఎండ. ద్రాక్షకి పేరుపడ్డ హైదరాబాద్ చుట్టుపక్కలే అనాబ్-ఎ-షాహీ తోటలు చాలావరకు ప్లాట్ల కింద కలిసిపోయాయి. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం అంటే ఇలాంటిదే.

మనకు పనికొచ్చే పాఠం ఇటలీలో ఉంది. అక్కడ పల్లెలు ఖాళీ అవుతుంటే 1985లో ఒక చట్టం చేశారు. ఇంట్లో అతిథుల్ని ఉంచుకుని డబ్బు తీసుకునే సదుపాయాన్ని రైతులకు ఇచ్చారు. దానికి పెట్టిన షరతు గట్టిది. వ్యవసాయమే ప్రధాన వృత్తిగా ఉండాలి, అతిథి సేవ దానికి అనుబంధంగా ఉండాలి. పొలం వదిలేసి హోటల్ నడుపుకునేవాడు ఆ పేరు పెట్టుకోవడానికి లేదు. వైన్ పర్యాటకానికి ప్రపంచమంతా ఉదాహరణగా చూపించే దేశంలో కూడా గీత అక్కడే గీశారు. మన దగ్గర అలా గీసే చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆ గీత మన ఇంట్లో మనమే గీసుకోవచ్చు.

గీసుకోకపోతే ఏమవుతుందో మన గోదావరే చూపించింది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండలకి వెళ్తున్న పర్యాటకుల పడవ మునిగింది. ఆ విషాదం తర్వాత పడవలు నెలల తరబడి ఆగిపోయాయి. ఆ వెనకే 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. నదీ తీరాన పర్యాటకుల మీదే బతికే పడవవాళ్లకి, టిఫిన్ బండ్లవాళ్లకి, గుడిసెల్లో వంట చేసేవాళ్లకి ఒక్కసారిగా చేతిలో పని లేకుండా పోయింది. చేను నమ్ముకున్నవాళ్లకీ ఆ రోజులు కష్టంగానే గడిచాయి, అయినా తినడానికి గింజలున్నాయి.

మీ దగ్గర ఉన్నదేమిటో ముందు రాసుకోండి

"మా ఊళ్లో చూడ్డానికేముంది సార్, అడవి తప్ప?" అని అడుగుతారు. రోజూ చూసేదాని విలువ మనకు తెలియదు. అందుకని మొదటి కసరత్తు ఇది. ఒక నోటుబుక్కు తీసి, మీ ఇంట్లో ఏడాది పొడుగునా తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా జరిగే పనులు నెలల వారీగా రాయండి. పర్యాటకం గురించి అస్సలు ఆలోచించకండి. పనులు మాత్రమే రాయండి.

మార్చి పేజీలో ఇప్పపువ్వు వస్తుంది. దాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పచెట్టు ఆకు రాల్చి పూత పడుతుంది. పువ్వు రాత్రివేళ విచ్చుకుని తెల్లవారుజాము నుంచి రాలుతుంది. లేత పసుపు రంగులో, గుండ్రంగా, వేళ్ల మధ్య నొక్కితే జిగురుగా ఉంటుంది. చెట్టు కిందికి వెళ్లకముందే తియ్యటి ఘాటు వాసన ముక్కుకి తగులుతుంది. ఆడవాళ్లు, పిల్లలు చీకటితోనే బుట్టలు తీసుకుని వెళ్తారు. ఎండ ఎక్కితే పువ్వు వాడిపోతుంది, పశువులు మేసేస్తాయి, ఎలుగుబంటి కూడా దీని కోసమే వస్తుంది. తెచ్చిన పువ్వు నాలుగైదు రోజులు వాకిట్లో ఆరబోస్తే ఎండుద్రాక్ష రంగుకి తిరుగుతుంది. పూత అయ్యాక కాయ, ఆ కాయలో పలుకు, పలుకు నుంచి నూనె. పువ్వుని వేయించి తింటారు, చింతగింజలతో కలిపి ఉడికిస్తారు, కరువు రోజుల్లో అదే అన్నం.

ఎండిన ఇప్పపువ్వుకి కేంద్రం 2020లో ప్రకటించిన మద్దతు ధర కిలో 30 రూపాయలు. కిలో ఎండు పువ్వు కావాలంటే అంతకు ఎన్నో రెట్లు పచ్చి పువ్వు వంగి ఏరాలి. అదే పువ్వుతో ఉట్నూరులో భీమ్‌బాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం లడ్డూలు చేస్తోంది. భద్రాచలంలో ఒకప్పుడు కూలికి వెళ్లిన మహిళలు శిక్షణ తీసుకుని, చిరుధాన్యాల బిస్కెట్లను 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో అమ్ముతున్నారు. 2025 జూన్‌లో ప్రధాని 'మన్ కీ బాత్'లో వాళ్ల గురించి చెప్పారు. అడవి సరుకు మూటగా వెళ్తే ధర వేరొకరు చెబుతారు, పొట్లంగా వెళ్తే మనం చెబుతాం. తెల్లవారుజామున మీతో పాటు వంగి పువ్వు ఏరిన అతిథి ఆ పొట్లం కొనేటప్పుడు బేరమాడడు. ఎంత నడుము నొప్పో అతనికి తెలిసిపోయింది.

నోటుబుక్కు నిండాక అందులోంచి మూడు పనులకు సున్నా చుట్టండి. బయటివాళ్లు పక్కనుంటే ఆగకుండా సాగే పనులై ఉండాలి, వాళ్లకి ప్రమాదం లేనివై ఉండాలి, మీకు నిజంగా బాగా వచ్చినవై ఉండాలి. వెదురు తడకలు అల్లడం, ముంజలు కొట్టడం, జావ కాచడం ఏదైనా కావచ్చు. అవే మీ సరుకు. కొత్తగా ఈతకొలను తవ్వాల్సిన పని లేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఇప్పచెట్ల కింద పువ్వు కనపడాలని ఎండుటాకులకి నిప్పు పెట్టే అలవాటు ఉంది. వేసవిలో అడవి తగలబడటానికి అదొక కారణం. ఆకులు ఊడ్చి కుప్ప చేయండి, లేదా చెట్టు కింద వల పరవండి. అడవి చూడ్డానికి వచ్చినవాడికి బూడిద చూపించకూడదు కదా.

సీసా దగ్గర ఆగండి

ఇప్ప మాటెత్తగానే వచ్చే మొదటి ప్రశ్న సారా గురించే. తాటిచెట్టు చూపించగానే కల్లు. ద్రాక్షతోటలో వైన్ ఇచ్చినట్టు ఇక్కడ ఇవి ఇస్తే తప్పేంటని అడిగేవాళ్లుంటారు. ఈ ప్రశ్నకి జవాబు ముందే సిద్ధంగా లేకపోతే అతిథి ముందు తడబడతారు. తడబాటు బేరంగా, బేరం కేసుగా మారతాయి.

ఈ నేల మీద కల్లు ఎప్పుడూ సరదా వస్తువు కాదు. 1879లో రంప ఫితూరీ రేగడానికి ప్రధాన కారణాల్లో ఒకటి కల్లు మీద పన్ను. ఇంటి అవసరానికి చెట్టు గీసుకునే హక్కుని ఆబ్కారీ గుత్తేదార్లకి కట్టబెట్టారు. పైగా రంప మన్సబ్‌దారు కల్లు గీత మీద చిగురుపన్ను వసూలు చేశాడు. ఆ తిరుగుబాటు అప్పటి భద్రాచలం తాలూకాలోని రేకపల్లి దాకా పాకింది. అక్కడ పోడు పన్ను పెంచిన కోపం కూడా దానికి తోడైంది. కోయలకి, కొండరెడ్లకి తాటి, జీలుగు చెట్లు వేసవి నెలల ఆహారం, చుట్టరికాల మర్యాద, దేవరకి పెట్టే సాక. ఆ చెట్టు మీద పెత్తనం ఎవరిదన్న ప్రశ్నకి జనం ప్రాణాలిచ్చారు.

ఇంకో వైపు కూడా చూడాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. తర్వాత మద్యం తిరిగొచ్చినా సారా మీద ఆడవాళ్ల కోపం తగ్గలేదు. మీ ఊళ్లో ఏ ఇంట్లో తాగుడు వల్ల ఏం జరిగిందో మీకు తెలుసు, మీ ఇంటికొచ్చిన అతిథికి తెలియదు.

చట్టం మాటకొస్తే, అనుమతి లేకుండా సారా కాచి అమ్మితే ఎక్సైజ్ కేసు తప్పదు. కల్లు అమ్మాలన్నా అనుమతి ఉండాలి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారంలో గ్రామసభకీ చోటిచ్చింది. అంటే ఈ విషయం మీ ఒక్క ఇంటిది కాదు, ఊరిది. మధ్యప్రదేశ్‌లో వేరే దారి తొక్కారు. 2022 తర్వాత ఇప్ప సారాని వారసత్వ మద్యంగా గుర్తించి, అలీరాజ్‌పూర్‌లో 'మోండ్', దిండోరిలో 'మోహులో' పేర్లతో ఆదివాసీ స్వయం సహాయక బృందాలే తయారు చేసేలా ప్రభుత్వం విధానం చేసింది. చిత్తూరు జిల్లాలో ఒక చిన్న డిస్టిలరీ దక్కన్ కిత్తనార (అగేవ్) మొక్క నుంచి మద్యం తీసి, తర్వాత ఇప్ప మీద కూడా పనిచేసింది. ఇవన్నీ లైసెన్సు, పన్ను, పరీక్షల మధ్య జరిగిన పనులు. రేపు ఇక్కడా అలాంటి విధానం వస్తే అప్పుడు గ్రామసభలో కూర్చుని మాట్లాడుకోవచ్చు. అప్పటిదాకా మీ ఇల్లు దుకాణం కాకూడదు.

అందుకని ఈ నాలుగు మాటలు కంఠతా పెట్టండి. "అన్నా, మా ఇంట్లో అది అమ్మం. పువ్వు ఏరేది చూపిస్తాం, లడ్డూ పెడతాం, కావాలంటే పొట్లం కట్టిస్తాం." గొంతు పెంచక్కర్లేదు, క్షమాపణ చెప్పక్కర్లేదు. రెండోసారి అడిగితే అవే మాటలు మళ్లీ అనండి. మూడోసారి అడిగేవాడు మీకు అక్కర్లేని అతిథి.

మత్తు లేకుండా చూపించడానికి బోలెడుంది. మోకు వేసుకుని చెట్టెక్కేవాడి పాదాలు ఎక్కడ ఆనతాయో కింద నిలబడి చూస్తే సర్కస్ దిగదుడుపే. లొట్టికి సున్నం రాసి, పొద్దెక్కకముందే దింపితే అది పులియని నీరా. ఆ నీరాకి ప్రభుత్వమే విధానం తెచ్చి 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచింది. గీత పని చేసేవాళ్ల అనుమతులు సరిగ్గా ఉన్న ఊళ్లలో దాన్ని ఆలోచించవచ్చు. ముంజలకీ తేగలకీ అయితే ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఏడాది మీద గీతలు గీయండి

ఇప్పుడు నోటుబుక్కుని మళ్లీ తెరవండి. పన్నెండు నెలల మీద మూడు రంగులు వేయండి. ఎరుపు అంటే అతిథి వద్దు, పసుపు అంటే శని, ఆదివారాలు మాత్రమే, ఆకుపచ్చ అంటే రావచ్చు.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఎరుపు. విత్తనం, నాట్లు, కలుపు, ఎరువులు ఊపిరి తిప్పుకోనివ్వవు. గోదావరి సంగతి సరేసరి. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. రోడ్డు మునిగిన రోజున మీ ఇంట్లో వాళ్లనే కాపాడుకుంటారా, పట్నం నుంచి వచ్చిన నలుగురిని కూడానా? పైగా ఇది మలేరియా కాలం.

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా పసుపు. పాపికొండలకీ, పర్ణశాలకీ, కిన్నెరసానికీ జనం ఎక్కువగా వచ్చేది ఈ చల్లటి రోజుల్లోనే. ముక్కోటికి భద్రాచలంలో గదులు దొరకవు. చిక్కేమిటంటే పత్తి ఏరేది, మిరప కోత మొదలయ్యేది కూడా అప్పుడే. పర్యాటక సీజను, కూలీలు దొరకని సీజను ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కల్లంలో మిర్చి ఆరబోసి, మబ్బు పట్టిన సాయంత్రం అతిథికి బజ్జీలు వేస్తూ కూర్చుంటే బస్తాకి వచ్చే ధరే మారిపోతుంది.

మార్చి, ఏప్రిల్ ఆకుపచ్చ. ఈ రెండు నెలల్లో మనకు కలిసొచ్చేది ఒకటుంది. శ్రీరామనవమి కల్యాణానికి భద్రాద్రి కిటకిటలాడేదీ, ఇప్పపువ్వు రాలేదీ ఇంచుమించు ఒకేసారి. మిరప చివరి కోతల్లో ఉంటుంది, వరి నాట్లు లేవు. తలంబ్రాలు తీసుకుని తిరుగు ప్రయాణం కట్టే కుటుంబాల్లో కొందరు ఒక రాత్రి ఆగినా మీ ఏడాది లెక్క సరిపోతుంది. ఏప్రిల్ మధ్యలో తునికాకు మొదలైతే ఇంటిల్లిపాదీ అడవిలో ఉంటారు. ఆ రోజులు మళ్లీ పసుపు. మే కూడా ఎరుపే, ఆ ఎండల్లో పట్నం మనిషిని రేకుల కింద పడుకోబెట్టడం పాపం.

ఈ పటాన్ని గోడకి అంటించండి. ఫోన్ రాగానే నోరు "రండి" అనకముందే కన్ను దాని మీదికి వెళ్లాలి.

వచ్చిందెంత, మిగిలిందెంత

ఒక లెక్క కడదాం. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. ఇద్దరు అతిథులు ఒక రాత్రి ఉన్నారు. మనిషికి 1,500 చొప్పున 3,000 వచ్చింది. నాటుకోడి 700, బియ్యం పప్పు కూరగాయలు 200, గ్యాస్ 100, దుప్పట్ల ఉతుకు 100, బండి మీద తీసుకొచ్చి దింపినందుకు 200, దారి చూపిన కుర్రాడికి 400, ఊరి నిధికి 200. మొత్తం 1,900. మిగిలింది 1,100.

కోడి మన ఇంటిదే కదా, దానికి లెక్కేంటని అనకండి. సంతలో అమ్మితే వచ్చే డబ్బది.

ఇప్పుడు అసలు లెక్క. అతిథి కోసం ఇంట్లో ఇద్దరు ఒక రోజు పని మానేశారు. మార్చి చివర్లో అయితే ఆ రోజు పోయిందేమీ లేదు, 1,100 మీవే. మిరప కోతలో అయితే వాళ్ల బదులు ఇద్దరు కూలీల్ని పెట్టాలి. మనిషికి 400 వేసుకుంటే 800 పోయి 300 మిగిలింది. కూలీ దొరక్కపోతే ఆ 300 కూడా చెట్టు మీదే పండి రాలిపోతుంది. అతిథి అదే, రేటు అదే, వచ్చిన నెల వేరు.

అందుకే రెండు నియమాలు. అతిథుల డబ్బుకి వేరే బ్యాంకు ఖాతా పెట్టండి. లేదంటే అది పురుగుమందు బాకీలో కలిసిపోయి, లాభమో నష్టమో ఎప్పటికీ తెలియదు. ఏడాది చివర అతిథుల వల్ల మిగిలింది పొలం ఆదాయంలో నాలుగో వంతు దాటిందంటే ఒకసారి కూర్చుని ఆలోచించండి. సంతోషించాల్సిన విషయమే. పొలం మీద ధ్యాస తగ్గిందేమో చూసుకోవాల్సిన సమయం కూడా అదే.

ఇంట్లో పని ఎవరి నెత్తిన పడుతోంది?

అతిథి వచ్చాడంటే అన్న ఫొటోలు తీయిస్తాడు, నాన్న కబుర్లు చెబుతాడు. పొయ్యి దగ్గర, బావి దగ్గర, దుప్పట్ల దగ్గర ఎవరున్నారు? చాలా ఇళ్లలో ఈ పని రెండో ఏడాదే ఆగిపోవడానికి కారణం అతిథులు రాకపోవడం కాదు, ఇంటి ఆడవాళ్లు ఇక చేయలేమనడం. వాళ్లు పైకి అనరు. "ఈ వారం ఒంట్లో బాలేదు" అంటారు.

కాబట్టి మొదలుపెట్టేముందే ఒక సాయంత్రం అందరూ కూర్చోండి. అమ్మ, వదిన, చెల్లి ముందు మాట్లాడాలి, మగవాళ్లు తర్వాత. మూడు విషయాలు తేల్చండి. నెలకి ఎన్ని రాత్రుల వరకు సరే? ఏ గదిలోకి అతిథి రాకూడదు? వంట చేసినవాళ్లకి ఆ డబ్బులో ఎంత, అది ఎవరి చేతికి వెళ్తుంది? మూడోదానికి జవాబు రాని ఇంట్లో ఈ పని మొదలుపెట్టకండి. పదో తరగతి పరీక్షలున్న పిల్ల ఉంటే ఆ ఏడాది మార్చి కూడా ఎరుపే.

మీ నేల, మీ పేరు

పని కాస్త నడుస్తోందని తెలియగానే ఎవరో ఒకరు కారులో వస్తారు. "పెట్టుబడి నాది, స్థలం నీది, కాగితం మీద నీ పేరే ఉంటుంది" అంటారు. ఏజెన్సీలో 1970 నాటి ఒకటో నిబంధన, మన వాడుకలో వన్ ఆఫ్ సెవెంటీ, గిరిజనేతరులకి భూమి బదలాయింపు చెల్లదని చెబుతోంది. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా పిల్లలకి వారసత్వంగా వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. కారులో వచ్చినాయనకి ఇవన్నీ తెలుసు, అందుకే మీ పేరు అడుగుతున్నాడు. తెల్లకాగితం మీద సంతకం పెట్టే ముందు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయంలోనో, తెలిసిన వకీలు దగ్గరో ఆ కాగితం చదివించుకోండి. చదివించుకుంటానంటే ఎదుటివాడికి కోపం వచ్చిందా, మీ జవాబు మీకు దొరికినట్టే.

రిజర్వు అడవిలోకి, కిన్నెరసాని అభయారణ్యంలోకి అతిథుల్ని మీ అంతట మీరు తీసుకెళ్లకండి. అటవీ శాఖ అనుమతి ఉన్న దారిలోనే నడిపించండి. ప్రతి అతిథి గుర్తింపు కార్డు నకలు తీసుకోండి. విదేశీయులైతే వచ్చిన వెంటనే పోలీసులకి చెప్పే ఫారం ఒకటుంది, స్టేషన్‌లో ముందే కనుక్కోండి. దోమతెర, పాముకాటుకి దగ్గరలోని ఆసుపత్రి నంబరు, కాచి చల్లార్చిన నీళ్లు ఉంటే సగం ప్రమాదాలు తప్పుతాయి.

అమ్మకూడనివి కొన్ని ఉంటాయి

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు డోలి వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథని, కోయ వంశాల చరిత్రని గానం చేసేవారు. 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ఆ గానానికి ఒక వేళ ఉంటుంది, ఒక కారణం ఉంటుంది. కొమ్ముల తలపాగా పెట్టుకుని ఆడే ఆటకీ అంతే. భోజనాలయ్యాక పది నిమిషాలు ఆడి చూపించమని అతిథి అడిగితే, ఇవ్వొచ్చా లేదా అన్నది మీ ఒక్కరి చేతిలో లేదు. ఊరి పెద్దల్ని, ఆ కళ తెలిసినవాళ్లని అడగాలి. కొన్నింటికి వాళ్లు సరేనంటారు, కళాకారులకి తగిన డబ్బు మాట్లాడతారు. కొన్నింటికి తల అడ్డంగా ఊపుతారు. ఆ జాబితా కూడా నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.

విత్తనాల పండగకి, కొత్తల పండగకి అతిథిని పిలవవచ్చు గానీ అతిథి సెలవుల కోసం పండగ తేదీ మార్చకూడదు. ఫొటో తీసేముందు ఎదుటి మనిషిని అడగాలన్న నియమం గుమ్మం దగ్గరే చెప్పేయండి. వినడానికి మొదట్లో ఇబ్బంది పడతారు, వెళ్లేటప్పుడు గౌరవంతో వెళ్తారు.

ఊరికి వాటా సంగతి కూడా ఇక్కడే. అతిథి మీ ఇంట్లో పడుకున్నా నడిచేది ఊరి బాట మీద, తాగేది ఊరి నీళ్లు, చూసేది పక్కింటి ఇప్పచెట్టు. ప్రతి రాత్రికీ కొంత ఊరి నిధికి జమ చేసి, ఆ లెక్క గ్రామసభలో చదవండి. పక్కింటివాళ్ల తేనె, పై వీధి అవ్వ అల్లిన చాప, ఎదురింటివాళ్ల కంది కూడా మీ అతిథికి పరిచయం చేయండి. ఊరు కలిసిరాకపోతే ఈ పని ఏడాది కూడా నడవదు.

ఈ నెలలో చేయాల్సిన పనులు

మొదటి వారం నోటుబుక్కు రాయండి, మూడు పనులకి సున్నా చుట్టండి. రెండో వారం ఇంట్లో కూర్చుని ఆడవాళ్ల మాట ముందు వినండి, గోడ మీద మూడు రంగుల పటం పెట్టండి. మూడో వారం గ్రామసభ పెద్దల్ని, ఐటీడీఏ వాళ్లని కలిసి ఏది చేయొచ్చో ఏది కూడదో అడగండి, సారా గురించిన ఊరి మాటని అందరి ముందు ఒకటి చేసుకోండి. నాలుగో వారం భద్రాచలంలోనో కొత్తగూడెంలోనో ఉన్న తెలిసిన కుటుంబాన్ని ఒక రాత్రికి ఉచితంగా పిలవండి. వెళ్లేటప్పుడు మొహమాటం లేకుండా లోపాలు చెప్పమనండి, చెప్పినవన్నీ రాసుకోండి.

ఆ రాత్రి ఖర్చు పైసలతో సహా లెక్క కట్టండి. తర్వాత మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: రేపటి నుంచి ఒక్క అతిథి కూడా రాకపోతే ఈ ఇల్లు ఈ ఏడాది గడుస్తుందా? గడుస్తుందనుకుంటే తలుపు తెరవండి. గడవదనుకుంటే ఈ ఏడాది చేను బాగుచేసుకోండి, అప్పు తగ్గించుకోండి, అంతర పంట మాట వచ్చే ఏడాది ఆలోచించండి.